సీళ్లు తిరిగే దిక్కు

లాన్స్‌గ్రీజ్ అనే రేవు ఊళ్లో సముద్రం వెనక్కి తీసిన వేళ చూసుకుని జనం రేవు దారి దాకా వెళ్లి సీళ్లు అనే సముద్రపు జంతువులను చూసి వస్తారు. పొయ్యి మీద టీ నీళ్లు పెట్టి, అవి మరిగేలోపు పోయి వచ్చేవాళ్లు కొందరు. కుక్కను తిప్పుకుంటూ వెళ్లేవాళ్లు కొందరు. దారి పక్కనే చెక్క కంచె ఉంది. దాని మీద మోచేతులు ఆనించి చూస్తే కింద ఇసుక మేట కనిపిస్తుంది. మేట మీద సీళ్లు బొద్దుగా, తడిగా, ఎవరో తడిసిన బస్తాలు దించి వెళ్లిపోయినట్టు పడి ఉంటాయి.

ఊళ్లో ఎంతమందో మేట మీద అన్ని సీళ్లు. ఎవరి సీల్ వాళ్ల వైపు తిరిగి పడుకుంటుంది. మనిషి ఇంట్లో ఉంటే ఇంటి వైపు, పడవ మీద ఉంటే సముద్రం వైపు, పట్నం పోతే పట్నం వైపు. మనిషి దగ్గర్లో ఉన్నంతసేపూ దాని తల ఎత్తుగా ఉంటుంది. మనిషి దూరమైన కొద్దీ తల ఇసుక మీదికి దిగుతుంది. మనిషి చనిపోయిన రోజున సీల్ నీళ్లలోకి జారిపోతుంది, ఇక రాదు. అది చూశాక చర్చిలో గంట కొట్టడం ఆన్సెల్మ్ పని. అరవై దాటిన ఆన్సెల్మ్‌కు వేరే పనేమీ లేదు కాబట్టి రోజులో సగం ఆ కంచె దగ్గరే ఉంటాడు.

"మీవాడి సీల్ వాగు వైపు తిరిగింది చూశావా, బడి ఎగ్గొట్టినట్టున్నాడు," అంటాడు దారిన పోయే తల్లితో. ఆ తల్లి చెప్పు సరిచేసుకుని వాగు వైపు నడుస్తుంది. ఊరికి అదంతా మామూలే.

మే నెలలో ఒక పొద్దున ఒడిల్ పడవ దగ్గరకు పోతూ కంచె దగ్గర ఆగింది. పక్కనే లియాంటీన్ ఉంది. పడవ మీద లాబ్‌స్టర్లు పట్టే బోనులు లాగేటప్పుడు ఒడిల్‌కు తోడు వచ్చేది ఆవిడే, చిన్నప్పటి స్నేహితురాలు.

"మా ఆయన సీల్ చూడవే," అంది లియాంటీన్. "మళ్లీ కొట్టు వెనక వైపు తిరిగింది. పొద్దున్నే! కొట్టు వెనక బీరు సీసాలు తప్ప ఏమున్నాయట?"

ఒడిల్ నవ్వలేదు. లియాంటీన్ ఆమె మొహం చూసి, ఆమె చూసే వైపు చూసింది. మేట చివర, మెడ చుట్టూ వల కోసిన పాత మచ్చ ఉన్న పెద్ద మగ సీల్ పడి ఉంది. అది ఫిర్మాన్‌ది. ఫిర్మాన్ ఒడిల్ మొగుడు. నిన్నటి దాకా దాని మూతి పడమటికి, నడిసముద్రం వైపు ఉండేది. ఇవాళ దక్షిణానికి తిరిగింది.

"ఓడ దిగాడు," అంది లియాంటీన్ గొంతు తగ్గించి.

ఒడిల్ తన ఎడమ మణికట్టును కుడి చేత్తో పట్టుకుంది. ఆ మణికట్టు విరిగి, సరిగ్గా అతుక్కోక, వాన పట్టిన రోజుల్లో లోపల సన్నగా నొప్పెడుతుంది. ఆ రోజు వాన లేదు.

ఫిర్మాన్ కనపడకుండా పోయి చాలా ఏళ్లయింది. అక్టోబరులో ఒకనాడు ఒక్కడే వేటకు వెళ్లాడు. సాయంత్రానికి పడవ ఒక్కటే దీవి అవతల తేలుతూ దొరికింది. ఇంజను ఆడుతూనే ఉంది. సగం కొరికిన రొట్టె ముక్క చుక్కాని పక్కన ఉంది. మగవాళ్లు వలలు వేసి వెతికారు. ఆడవాళ్లు ఒడిల్ ఇంటికి మాంసం రొట్టెలు చేసి తెచ్చారు. ఫాదర్ ప్రార్థన పెట్టడానికి సిద్ధమయ్యాడు. కానీ ఆన్సెల్మ్ గంట తాడు ముట్టుకోలేదు. "సీల్ మేట మీదే ఉంది. దేనికని కొట్టమంటారు?" అన్నాడు. ఏదో విదేశీ ఓడ ఎక్కి పోయాడని అందరికీ అర్థమైంది. తెచ్చిన మాంసం రొట్టెలు మాత్రం ఎవరూ వెనక్కి పట్టుకుపోలేదు.

అంతకుముందు ఆ ఇంట్లో ఏం జరిగేదో ఊరందరికీ తెలుసు. ఫిర్మాన్ తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. తాగని రోజుల్లోనే దెబ్బ గురి తప్పేది కాదు. పక్కింటివాళ్లు గాలి వస్తోందని చెప్పుకుని కిటికీ మూసుకునేవాళ్లు. ఒకసారి ఒడిల్ పారిపోయింది. ఇదే తీరాన, ట్రక్కులో అరపూట దూరంలో ఉన్న సిడ్నీ అనే పట్నంలోని పిన్ని ఇంటికి, ఎవరికీ చెప్పకుండా, వంటగదిలో పొయ్యి మీద కూర అలాగే వదిలేసి పోయింది. ఫిర్మాన్ కేకలు వెయ్యలేదు. ఎవరినీ అడగలేదు. తీరిగ్గా రేవు దారి దాకా నడిచి, కంచె మీద చేతులు ఆనించి, భార్య సీల్ ఎటు తిరిగి ఉందో చూశాడు. ట్రక్కు ఎక్కి అటు పోయాడు. దారిలో ఆగినచోటల్లా దిక్కు సరిచూసుకోవడానికి ఊళ్లోకి ఫోన్ చేశాడు. సీల్ చూసి దిక్కు చెప్పినవాడు మంచివాడే, ఫిర్మాన్ ఫోన్‌లో ఏడుస్తున్నట్టు వినిపించిందట. చీకటి పడేసరికి ఒడిల్ ట్రక్కులో అతని పక్కన కూర్చుని ఉంది. మణికట్టు విరిగింది ఆ ప్రయాణంలోనే.

లాన్స్‌గ్రీజ్‌లో పుట్టినవాళ్లకు దాక్కునే చోటు ఈ భూమ్మీద లేదు.

అతను పోయాక ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు. ఒడిల్, ఆమె అత్త వితాలీన్. వితాలీన్ అప్పటికే డెబ్బైకి దగ్గర పడింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, పేకాటలో అబద్ధం ఆడుతుందని పేరు. మొదటి చలికాలం ఇద్దరూ ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోలేదు. వసంతంలో ఒక రోజు వితాలీన్ కొడుకు రబ్బరు బూట్లు తెచ్చి కోడలి ముందు పడేసింది. "పాదాలు జారకుండా గుడ్డ కుక్కుకో. పడవ కుళ్లిపోతోంది," అంది. అలా ఒడిల్ లాబ్‌స్టర్ వేటలోకి దిగింది. మొదట్లో రేవులో మగవాళ్లు నవ్వారు. రెండో ఏడాదికి బోను ఎక్కడ వెయ్యాలో ఆమెను అడగడం మొదలుపెట్టారు. ఒడిల్ గట్టిగా నవ్వగలదని ఊరికి ఆ రోజుల్లోనే తెలిసింది. ఆ నవ్వు పొగమంచులో కూడా ఒడ్డుకు వినిపించేది.

ఇప్పుడు మెడ మచ్చ సీల్ దక్షిణానికి తిరిగింది.

మర్నాడు అది ఇంకొంచెం తిరిగింది, తీరం వెంట వచ్చే రోడ్డు వైపు. ఆ తర్వాత దిక్కు మారలేదు. తల మాత్రం లేవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ ఇసుకలో ఆనించి ఉన్న గడ్డం ముందు ఇసుక నుంచి విడివడింది. మరుసటి రోజు దాని కింద నీడ పడింది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, ఒడిల్ కనపడితే వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోతున్నారు. మిగతా సీళ్లు ఆవలిస్తున్నాయి, పొట్ట గోక్కుంటున్నాయి, ఒకదాని మీద ఒకటి కసురుకుంటున్నాయి. అదొక్కటి కదలకుండా, రెప్ప వెయ్యకుండా, నల్లటి తడి కళ్లతో రోడ్డును చూస్తూ తల ఎత్తుతోంది.

"నడిచి వస్తున్నట్టున్నాడు," అన్నాడు ఆన్సెల్మ్. "బండిలో అయితే ఈపాటికి వచ్చేసేవాడు."

"ఎన్నాళ్లు పడుతుంది మావయ్యా?" అంది ఒడిల్.

"ఆ మెడను బట్టి చూస్తే..." ఆన్సెల్మ్ పైపు నోట్లోంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఎక్కువ పట్టదమ్మా."

శనివారం మధ్యాహ్నం వితాలీన్ ఫ్రికో వండింది. కోడిమాంసం, బంగాళదుంపలు, పైన పిండి ఉండలు. ఫిర్మాన్‌కు ఇష్టమైన పులుసు అది. ఒడిల్ బల్ల దగ్గర కూర్చుంది గానీ చెంచా ముట్టుకోలేదు.

"వాడి కోసం వండావా అత్తా?"

"చెయ్యి అలవాటు కొద్దీ వండింది," అంది వితాలీన్. "తిను. పులుసుకు ఏం తెలుసు."

"నేను పోతాను."

"ఎటు పోతావు?"

ఒడిల్ కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి రేవు దారి కనిపిస్తోంది. కంచె దగ్గర ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తున్నదాంట్లో ఆమె సీల్ కూడా ఉంది. నున్నగా, చిన్నగా, ఒళ్లంతా ఆవాలు చల్లినట్టు చుక్కలున్న సీల్. అది ఈ ఇంటివైపు, ఈ వంటగదివైపు, ఈ కుర్చీవైపు తల ఎత్తి చూస్తూ ఉంటుంది. ఒడిల్ లేచి గది ఆ చివరకు నడిస్తే అదీ కొద్దిగా మెడ తిప్పుతుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. చిన్నప్పుడు రాత్రి భయమేస్తే తన వైపే చూసే ప్రాణి ఒకటి బయట ఉందని ధైర్యం తెచ్చుకునేది. ఇప్పుడు ఆ చూపు వీపులో గుచ్చుకుంటోంది.

వితాలీన్ తన గిన్నె పక్కకు జరిపింది.

"వాడి నాన్న సీల్ నీళ్లలోకి పోయిన రోజు నేను కంచె దగ్గరే ఉన్నాను," అంది. "అది జారుతుంటే ఎంత సేపు జారిందో తెలుసా? మొదట తల, తర్వాత ఆ మెడ, ఆ వీపు. నేను లోపల ‘తొందరగా పో, తొందరగా పో’ అనుకుంటూ నిలబడ్డాను. పైకి ఏడ్చాననుకో. అందరూ భుజం తట్టారు." ఆమె చేతుల మీదున్న పిండి దులుపుకుంది. "వాడు నా కడుపున పుట్టాడు. వాణ్ని పొమ్మనలేను. వాడి సీల్‌ను ముట్టుకోలేను. ఆ పని నా వల్ల కాదు పిల్లా."

"నేను అడగలేదు అత్తా."

"అడగలేదు. తెలుసు." వితాలీన్ కిటికీలోంచి మేట వైపు చూసింది. "రేపు చర్చిలో పూజ అయ్యే వేళకు సముద్రం బాగా వెనక్కి తీసేస్తుంది. నువ్వు కంచె దగ్గరే ఉండు. కిందికి రాకు. ఏం జరిగినా నోరెత్తకు."

ఆదివారం ఎండ కాసింది. చర్చి వదిలాక అందరూ ఎప్పటిలా కంచె దగ్గరకు చేరారు. మెడ మచ్చ సీల్ తల అంతెత్తున లేచి ఉంది. అంటే మనిషి ఒక రోజు నడక దూరంలో ఉన్నాడు. ఫాదర్ కూడా చూసి ఇంటికి పోయాడు.

వితాలీన్ నల్ల కోటులోనే, చర్చి బూట్లతోనే, మెట్లు దిగి ఇసుకలోకి నడిచింది.

సీళ్ల దగ్గరకు ఎవరూ పోరు. పోకూడదని ప్రభుత్వం పెట్టిన బోర్డు ఒకటి ఉంది గానీ అది బయటివాళ్ల కోసం. ఊరివాళ్లకు బోర్డు అక్కర్లేదు. నిద్రపోతున్నవాడి మొహంలోకి వంగి చూడం కదా, అలాగే ఇదీ. ఎవరో "వితాలీన్!" అని పిలవబోయారు. ఆన్సెల్మ్ ఆ మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె మేట మీద మొదటి అడుగు వెయ్యగానే సీళ్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

అలా ఎప్పుడూ జరగలేదు. పడవల మీదున్నవాళ్లవి, ఇళ్లలో ఉన్నవాళ్లవి, ఉయ్యాల్లో నిద్రపోతున్న పసివాళ్లవి, ఒక్కసారిగా, చప్పుడు లేకుండా, మొత్తం మేట ఆమెను చూసింది. కంచె దగ్గరున్నవాళ్లకు కాళ్ల కింద దారి ఒరిగినట్టయింది. కొందరు చెక్కను గట్టిగా పట్టుకున్నారు. లియాంటీన్ మొగుడు ఆదివారం టోపీ జారిపోతున్నా పట్టుకోలేదు. పసిపిల్లలున్న ఇళ్లలో అదే నిమిషంలో పిల్లలందరూ లేచారని తర్వాత చెప్పుకున్నారు. ఏడవలేదట, ఊరికే కళ్లు తెరిచి చూశారట.

వితాలీన్ ఆగలేదు. కోటు అంచులు ఎత్తి పట్టుకుని, నిండిన గదిలో కుర్చీల మధ్య నడిచినట్టు సీళ్ల మధ్య నడిచింది. కొడుకు సీల్ పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. చెయ్యి చాపి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది. చుక్కల సీల్ దగ్గరకు పోయి, మోకాళ్ల మీద కూర్చుని, దాని తల పక్కన నోరు పెట్టి ఏదో చెప్పింది.

ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. చాలాసేపే చెప్పింది. సీల్ వింది. ఒకసారి మూతి తిప్పి కంచె వైపు, ఒడిల్ వైపు చూసింది. ఒడిల్ నోరెత్తలేదు. కంచె చెక్కలో గోళ్లు దిగిపోయాయి. అప్పుడు చుక్కల సీల్ ఒళ్లు కదిల్చి, పొట్ట మీద ఎగురుతూ, తొందరేమీ లేకుండా నీళ్ల వైపు పోయింది. అల ఒకటి వచ్చి దాన్ని అందుకుంది.

వితాలీన్ లేవబోయింది. ఆమె వెనకే, మూతి మీద మీసాలు తెల్లబడిన ముసలి సీల్ ఒకటి కదిలింది. అది వితాలీన్‌ది. దాన్ని ఎవరూ పొమ్మనలేదు. అయినా అది ఆమె పక్కనుంచి, ఆమె కోటు అంచు తడిపి, చుక్కల సీల్ పోయిన దారినే నీళ్లలోకి పోయింది. వితాలీన్ దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇది ఆమె అనుకున్నది కాదు. కాసేపటికి చేత్తో మోకాలి ఇసుక దులుపుకుని, "సరేలే," అంది. ఆ మాట మాత్రం గాలికి పైదాకా వినిపించింది.

మిగతా సీళ్లు మళ్లీ ఎవరి దిక్కుకు అవి తిరిగాయి. మేట మీద రెండు చోట్ల ఇసుక నున్నగా, ఖాళీగా ఉంది.

ఆన్సెల్మ్ టోపీ తీశాడు. పక్కనే నిలబడ్డ ఒడిల్ వైపు చూశాడు. ఆ చూపు ఆమె భుజం మీదుగా వెళ్లి ఎక్కడో ఆగింది. అతను చర్చి వైపు నడిచాడు. కాసేపటికి గంట మోగింది, ముందు ఒక ఆడమనిషి కోసం, తర్వాత ఇంకో ఆడమనిషి కోసం.

ఒడిల్ తన చావుగంట నిలబడి వింది. పక్కన ఎవరో "పాపం, ఎంత మంచి మనిషి," అన్నారు. ఇంకెవరో "పడవ మీద ఆ నవ్వు ఇక వినం," అన్నారు. లియాంటీన్ ఒడిల్ భుజం మీద తల పెట్టి, ఒడిల్ కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. ఒడిల్ ఆమె వీపు నిమిరింది. లోపల ఏదో తెగినట్టుంది. నొప్పి లేదు. కానీ పుట్టినప్పటి నుంచీ వెనక ఉన్న ఒక గోడను ఎవరో తీసేస్తే వెన్నుకు గాలి తగిలినట్టుంది. తన వైపు చూసేది ఈ ప్రపంచంలో ఇక ఏదీ లేదు.

ఆ సాయంత్రం ఇంటికి జనం వచ్చారు. చావు ఇంటికి వచ్చినట్టే, నల్ల బట్టల్లో, మూత పెట్టిన గిన్నెలతో వచ్చి గోడల వెంట కూర్చున్నారు. ఒడిల్, వితాలీన్ వాళ్లకు టీలు అందించారు. అందుకున్నవాళ్లు వాళ్ల మొహాలు చూడలేదు. పోయినవాళ్ల గురించి మంచి మాటలు చెప్పుకున్నారు. ఒకాయన వితాలీన్ పేకాటలో ఎంత అబద్ధమాడేదో చెబితే అందరూ నవ్వారు. వితాలీన్ వంటగది గుమ్మంలో నిలబడి, "వాడిదే అబద్ధం, ఓడిపోయిన ప్రతిసారీ అలాగే అంటాడు," అంది. ఎవరూ వినిపించుకోలేదు. పొయ్యేటప్పుడు ఫాదర్ బల్ల మీద ఒక కవరు పెట్టి పోయాడు. అందులో మర్నాడు పట్నం పోయే వ్యాన్ టిక్కెట్టు ఉంది. పేరు రాసే చోట ఖాళీగా ఉంది.

"నువ్వూ రా అత్తా," అంది ఒడిల్ తెల్లవారాక, సంచీ సర్దుకుంటూ. "నీ సీలూ పోయింది కదా. ఇద్దరం పోదాం."

"నేను పోతే వాడితో ఎవరు మాట్లాడతారు?"

"వాడు నిన్ను..."

"చచ్చినదాన్ని ఏం చేస్తాడే?" వితాలీన్ నవ్వింది. నవ్వుతూనే కోడలి కోటు గుండీలు పెట్టింది, చిన్నపిల్లకు పెట్టినట్టు, కింద నుంచి పైదాకా. "పడవ మీద బెంగ పెట్టుకోకు. లియాంటీన్ చూసుకుంటుంది. ఎక్కడున్నావో నాకు రాయకు. నాకు తెలిస్తే నా మొహంలో కనపడుతుంది."

ఒడిల్ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. వితాలీన్ ఒళ్లు చల్లగా ఉందో, తన చేతులే చల్లగా ఉన్నాయో ఆమెకు తెలియలేదు.

వ్యాన్ డ్రైవరు పొరుగూరివాడు. టిక్కెట్టు చింపి, సంచీ వెనక పడేశాడు. ఊరు దాటి కొండ వారకు వచ్చేసరికి గాలి మొదలైంది. ఇళ్ల కప్పులు లేపే తూర్పు గాలి. దాన్ని అక్కడ సుయెట్ అంటారు. వ్యాన్ ఊగిపోతోంది. డ్రైవరు నెమ్మదిగా నడుపుతున్నాడు. ఆ గాలిలో రోడ్డు పక్కన ఒక మనిషి ఎదురు నడిచి వస్తున్నాడు. భుజాన గోనెసంచీ, నెరిసిన గడ్డం, తల ముందుకు వంచి నడిచే ఆ నడక. ఒడిల్‌కు గడ్డం తెలియదు గానీ నడక తెలుసు.

గాలికి వ్యాన్ ఆగినంత పని చేసింది. అతను దారి ఇచ్చి పక్కకు జరిగి, తలెత్తి కిటికీలోకి చూశాడు. వాళ్లిద్దరి మధ్య అద్దం ఒక్కటే ఉంది. ఫిర్మాన్ చూపు ఆమె మొహం మీదికి వచ్చింది, ఖాళీ సీటు మీది నుంచి పోయినట్టు దాటిపోయింది. అతను గడ్డం తుడుచుకుని ముందుకు నడిచాడు.

వ్యాన్ కదిలింది. ఒడిల్ చాలా దూరం పోయేదాకా మణికట్టు పట్టుకునే కూర్చుంది. తర్వాత వదిలేసింది.

ఫిర్మాన్ ఊళ్లోకి వచ్చి ఇంటికి పోలేదు. లాన్స్‌గ్రీజ్‌లో పుట్టినవాడు కదా, ముందు కంచె దగ్గరకే పోయాడు. కింద అతని సీల్ నిటారుగా తల ఎత్తి, సూటిగా అతన్నే చూస్తోంది. అతను దాన్ని చూడలేదు. మేట ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు కళ్లతో వెతికాడు.

"ఒడిల్ సీల్ ఏదీ?"

ఆన్సెల్మ్ టోపీ తీశాడు. "పోయింది ఫిర్మాన్. నిన్ననే గంట కొట్టాను. ఊరంతా చూసింది."

ఫిర్మాన్ మళ్లీ మేట వైపు తిరిగాడు. "మా అమ్మది?"

"అదీ పోయింది. ఒకదాని వెనక ఒకటి."

అతను ఇంటికి నడిచాడు. దారిలో ఎవరూ పలకరించలేదు. కిటికీలు మాత్రం ఏవీ మూసుకోలేదు. ఆ గాలిలో కూడా అన్ని ఇళ్ల కిటికీలూ తెరిచే ఉన్నాయి. ప్రతి కిటికీలోనూ ఒక మనిషి నిలబడి చూస్తున్నాడు.

తలుపు గడియ లేదు. లోపల పొయ్యి వెలుగుతోంది. పొయ్యి పక్కన ఊగే కుర్చీలో అతని తల్లి కూర్చుని ఉంది.

ఫిర్మాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"లోపలికి రా నాయనా," అంది వితాలీన్. "గాలి వస్తోంది."

అతను రాలేదు.

"చిక్కిపోయావు."

"అమ్మా," అన్నాడు అతను. గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది. "నువ్వు పోయావన్నారు."

"పోయాను. గంట కొట్టారు, ప్రార్థన చేశారు, గిన్నెలు కూడా కడిగారు." ఆమె కుర్చీ ఊగడం ఆపింది. "కూర్చో. నీకోసం ఫ్రికో ఉంచాను. పిండి ఉండలు ఎక్కువ వేశాను."

గిన్నె బల్ల మీద పొగలు కక్కుతోంది. అతను గిన్నె వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. పోయినవాళ్ల చేతి తిండి తినేవాడెవడు? ఇన్నేళ్ల తర్వాత వచ్చిన కొడుకు, రోజుల తరబడి నడిచి వచ్చినవాడు, ఒక్క ముద్ద ముట్టుకోలేదు. వితాలీన్ అది చూసింది. ఆమె మొహంలో ఒక్కచోట ఏదో కదిలి సర్దుకుంది.

"ఒడిల్ ఏదమ్మా?"

"నీళ్లలోకి పోయింది. నేను పక్కనే ఉన్నాను."

"బాధపడిందా?"

"లేదు. పోయేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూసింది. అంతే."

ఫిర్మాన్ తల దించుకున్నాడు. అతను ఏడ్చాడని వితాలీన్ తర్వాత చెప్పింది. నిజంగానే ఏడ్చాడని, అందుకే తనకు అన్నిటికన్నా ఎక్కువ భయమేసిందని చెప్పింది. కాసేపటికి అతను కళ్లు తుడుచుకుని, "నేను ఈ ఇంట్లో ఉండొచ్చా?" అని అడిగాడు.

"ఇది పోయినవాళ్ల ఇల్లు," అంది తల్లి. "నీ ఇష్టం. రాత్రి నేను నిద్రపోను, ఇలాగే కూర్చుంటాను. అప్పుడప్పుడూ ఒడిల్ కూడా రావచ్చు. నువ్వు దాన్ని ఏం చేశావో చెప్పడానికి దానికి ఇప్పుడు చాలా తీరిక ఉంది."

అతను సంచీ భుజం మీంచి దించనే లేదు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు, ఇంకొకటి. తలుపు తనే దగ్గరగా వేశాడు, చప్పుడు కాకుండా, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. ఆ తలుపు అంత మెల్లగా వెయ్యడం అతనికి వచ్చునని వితాలీన్‌కు అంతవరకు తెలియదు.

సాయంత్రానికి మెడ మచ్చ సీల్ మూతి దక్షిణానికి తిరిగింది. కొన్నాళ్లకు పడమటికి, సముద్రం వైపు తిరిగి, గడ్డం ఇసుకలో ఆనించింది. ఫ్రికోను వితాలీన్ రెండు పూటలు తిని, మిగిలింది లియాంటీన్ కుక్కకు పెట్టింది.

ఆ తర్వాత, పోయినవాళ్లతో ఉన్నట్టే ఊరు ఆమెతో ఉంది. పేకాటకు పిలవలేదు, చర్చిలో ఆమె చోట వేరేవాళ్లు కూర్చున్నారు. కానీ గుమ్మంలో చేపలు పెట్టి పోయేవాళ్లు. పొయ్యి కట్టెలు కొట్టి పేర్చి పోయేవాళ్లు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గించి, సమాధి దగ్గర మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. ఆమె మాత్రం గట్టిగానే జవాబు చెప్పేది.

చాలా ఏళ్లకు ఒక సెప్టెంబరు మధ్యాహ్నం మెడ మచ్చ సీల్ నీళ్లలోకి జారింది. ఫిర్మాన్ ఏ సముద్రంలో, ఏ రేవులో, ఏ ఆస్పత్రి మంచం మీద పోయాడో ఎవరికీ తెలియదు. ఆన్సెల్మ్ కర్ర పొడుచుకుంటూ పోయి గంట కొట్టాడు. తర్వాత వితాలీన్ ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె గంట వింది. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, మొహం గోడకు తిప్పుకుని కూర్చుని ఉంది. ఆన్సెల్మ్ ఆమె వెక్కిళ్లు తగ్గేదాకా ఆగాడు.

"అక్కా," అన్నాడు చివరకు. "ఇక ఆ పిల్లకు ఏ భయమూ లేదు. కబురు చెప్పాలి కదా."

వితాలీన్ కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది. బయట సముద్రం వెనక్కి తీసింది. మేట బయటపడింది. సీళ్లన్నీ ఎవరి దిక్కుకు అవి తిరిగి, ఎండలో పడుకుని ఉన్నాయి. చుక్కల సీల్ పడుకునే చోటు ఖాళీగానే ఉంది.

"ఎటు తిరిగి చెబుతావురా?" అంది.